ఎవరి పంది ఎవరికి

హోనియారా
ఫిబ్రవరి 2004

లుడ్వీనా అక్కకు నీలా రాసేది,

ఈ ఉత్తరం తెచ్చే పడవవాడికి పొగాకు ఇక్కడే ఇచ్చేశాను. మళ్ళీ అడిగితే ఇవ్వకు, వాడి సంగతి నీకు తెలుసుగా. ఇక్కడ అందరం బాగున్నాం. పిల్లలు మన మాట మరిచిపోతున్నారని నువ్వు తిడతావు గానీ, కోపం వస్తే మాత్రం మన మాటల్లోనే తిట్టుకుంటున్నారు. అది చాలదా?

మన కొరోపా పెద్దలు పంపిన కబురు అందింది. ఆగస్టులో మిగిలిన తుపాకులన్నీ విరిచి పాతిపెడతారట. ఆ చోట మన దళం పేరుతో ఒక రాయి నిలబెడతారట. దాని మీద చెక్కే మాటలు నన్ను రాయమన్నారు. ఎంత పొంగిపోయానో చెప్పలేను. బడిపంతులమ్మనైనందుకు ఇన్నాళ్ళకు మన ఊరికి పనికొచ్చాను. ఇదిగో, ఇలా రాశాను:

"గని కోసం మన కొండల్ని తవ్వి పారేసిన కాలంలో, కొరోపా తద్దేయు నీటిగొట్టాల దళాన్ని స్థాపించాడు. న్యాయం తప్పలేదు. వెనుదిరగలేదు. ఏటి రేవు దగ్గర శత్రువుల చేతిలో నేలకొరిగాడు."

ఎలా ఉంది? యుద్ధం మొదలయ్యే ముందే నేను పెళ్ళి చేసుకుని ఇటు వచ్చేశాను. ఆ దళాన్ని కళ్ళారా చూసిందే లేదు. తద్దేయు అన్నయ్యను తీరంవాళ్ళు సైనికులతో కలిసి మాటువేసి చంపారని నీ కొడుకు బ్లేజ్ చెప్పగా విన్నదే నాకు తెలిసింది. అందుకే నువ్వు చూసిందంతా రాసి పంపు. పిల్లలకు చెప్పుకోవాలి.

ఇంకొక్క మాట. అన్నయ్య ఎముకలు ఇంకా ఏటి అవతలే ఉన్నాయి. చంపినవాళ్ళు మనకు పంది ఇచ్చి, మనతో కలిసి వక్క నమిలితే గానీ వాటిని ఇంటికి తేలేం. రాయి నిలబెట్టే లోపు తీరంవాళ్ళను పిలిపించక్కా. పేరు ఊళ్ళో, మనిషి అక్కడ ఉంటే నాకు నిద్ర పట్టదు.

నీ చెల్లెలు
నీలా


కొరోపా
మార్చి 2004

ఓ పంతులమ్మా,

ఉత్తరం అందింది. పడవవాడు పొగాకు అడిగాడు, నీ ఉత్తరం విప్పకముందే ఇచ్చేశాను. ఏం చేస్తాం.

నువ్వు రాసిన మాటలు పొయ్యి దగ్గర కూర్చుని రెండుసార్లు చదివాను. బాగున్నాయి. మన తమ్ముడి గురించి అని తెలియకపోతే ఇంకా బాగుండేవి. స్థాపించాడు అన్నావు. ఏం స్థాపించాడే? బడి వెనక ట్యాంకుకున్న నీటిగొట్టం కోసుకుపోయాడు, పిల్లలు తాగే నీళ్ళకు ఏటికి పరుగెత్తారు. ఆ గొట్టంతో చేసిన మొదటి తుపాకీ పేలినప్పుడు ముందు ఎగిరిపోయింది శత్రువు కాదు, మనవాడి కనుబొమ్మలు. నెల్లాళ్ళు కోడిగుడ్డు ముఖం వేసుకుని తిరిగాడు. మేం నవ్వితే, "నవ్వండి, బాగా నవ్వండి. ఇదంతా మీ నేల కోసమేగా" అనేవాడు. అది నిజమే. మనలో నేల ఆడవాళ్ళది. గని కోసం వచ్చినవాళ్ళు అమ్మను అడగకుండా మగవాళ్ళతో మాట్లాడుకుని వెళ్ళారు. వాడి కోపం అక్కడ మొదలైంది.

తర్వాత సైనికులు మన వైపు ఓడల్ని రానివ్వలేదు. సబ్బు లేదు, మందు లేదు, ఉప్పు లేదు. కొబ్బరినూనె పోసి లారీ నడిపారు. అది కొండెక్కుతుంటే ఊరంతా వేపుడు వాసన, కడుపులు మాడిపోయేవి.

అప్పుడే తద్దేయు ఒక కట్టుబాటు పెట్టాడు. సైనికుల శిబిరమున్న తీరానికి ఎవరు దిగినా తిరిగి పైకి రాకూడదు. వస్తే రేవు దగ్గరే కాల్చెయ్యాలి. ఎందుకు దిగావని అడగకూడదు. సిప్రియాన్ గుర్తున్నాడా నీకు? చర్చిలో అందరికంటే ముందు పాట ఎత్తుకుని తప్పు పాడేవాడు. భార్య ఒటీలియా కడుపుతో ఉండి, ఉప్పులేని తిండి సహించక ఏడిస్తే, తీరానికి దిగి చిన్న మూటెడు ఉప్పు తెచ్చాడు. రేవులో దొరికాడు.

"నా పెళ్ళాం కోసం తద్దేయూ" అన్నాడట.

"పెళ్ళాలు అందరికీ ఉన్నారు" అన్నాడట మనవాడు. తనే కాల్చాడు.

యుద్ధం అయ్యాక ఆ చావుకు మన ఇంటి నుంచి పంది ఇచ్చింది నేనే. ఒటీలియా నా చేతి వక్క తీసుకుని నమిలింది, నా ముఖం మాత్రం చూడలేదు. న్యాయం తప్పలేదు అని రాశావే, అది నిజం. అదే నాకిప్పటికీ భయం వేస్తుంది.

ఇక్కడి కబుర్లంటావా, అల్బీనా కొడుకు అడుగులు వేస్తున్నాడు. దిగ్బంధంలో మలేరియా వచ్చి కట్టెలా బిగుసుకుపోయిన నా కూతురు, ఫాదర్ పంపిన మాత్రలతో లేచి కూర్చుని ఈరోజు ఒక బిడ్డకు తల్లయింది. ఏటా ఈస్టర్‌కు ఆయనకో కోడిపుంజు తీసుకెళ్తాను. "ఎందుకమ్మా ఇది?" అంటాడు, ఏమీ ఎరగనట్టు. అంత వినయం ఎవరికుంటుంది! బ్లేజ్‌కు కోకో తోటే లోకం. పంది మాంసం ఇప్పటికీ ముట్టడు. పంది తినని శనివారం చర్చివాళ్ళలో ఎప్పుడు కలిశావురా అని ఊరంతా ఏడిపిస్తారు. విందుల్లో వాడి వాటా కూడా నేనే లాగిస్తాను, అందుకే ఇలా లావెక్కాను.

తీరంవాళ్ళకు కబురు పంపాను. మే నెలలో వస్తామన్నారు.

నీ అక్క
లుడ్వీనా


హోనియారా
ఏప్రిల్ 2004

అక్కా,

ఉప్పు కోసమా?

నీ ఉత్తరం వచ్చిన దగ్గర నుంచి నాకు ఏమీ పాలుపోవడం లేదు. నన్ను భుజాన ఎక్కించుకుని ఏరు దాటించిన అన్నయ్య, నా పెళ్ళిలో నాకంటే ఎక్కువ ఏడ్చిన అన్నయ్య, ఉప్పు తెచ్చిన మనిషిని ఎదురుగా నిలబెట్టి కాల్చాడా? ఇన్నేళ్ళలో నువ్వు ఒక్క ముక్క రాయలేదేం? నిన్న బజారులో ఉప్పు పొట్లం చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కొట్టువాడు "ఏమ్మా, రేటెక్కువా?" అని అడిగాడు.

న్యాయం తప్పలేదు అన్న ముక్క కొట్టేశాను. శత్రువుల చేతిలో నేలకొరిగాడు అన్నది మాత్రం తీయను. నువ్వు తిట్టినా తీయను. ఎంత తప్పు చేసినా చివరికి మన కోసమే పోయాడు కదా. నాకు పట్టుకోవడానికి ఆ ఒక్క మాటే మిగిలింది.

తీరంవాళ్ళు పంది తెస్తే పంతానికి పోకుండా పుచ్చుకో. నాకు అన్నయ్య ఇంటికి రావాలి, అంతే.

నీలా


కొరోపా
మే 2004

నీలా,

అక్షరాలు సరిగా పడకపోతే కూడబలుక్కుని చదువుకో.

తీరంవాళ్ళు వచ్చారు. కొవీరా అని వాళ్ళ పెద్ద, పండు ముసలి, ముందు నడిచాడు. వెనక పందులు, గవ్వల దండలు. వాళ్ళ చేతిలో పోయిన మనవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పిలిచి ఒక్కొక్క ఇంటికి పంది తాడు అందించారు. విల్లులు విరిచారు. ఏడవనివాళ్ళు లేరు. నేను నా వంతు కోసం నిలబడ్డాను. తాడు అందుకోవడానికి చెయ్యి కూడా చాచాను. పేరు పిలవలేదు.

"ఏం పెద్దాయనా, మా తద్దేయుని మరిచిపోయావా?" అన్నాను.

"మరవలేదమ్మా. మా చేతిలో పోయినోళ్ళనే పిలిచాను."

"రేవులో చంపింది మీరు కాదూ?"

"కాదు తల్లీ."

మనవాళ్ళు లేచి మీదకు వెళ్ళారు. "కాటికి కాళ్ళు చాపుకుని అబద్ధాలా ముసలోడా!" అని ఒకటే అరుపులు. ఆయన కదల్లేదు.

"చంపామని ఒప్పుకోడానికేగా ఇంత దూరం కొండెక్కి వచ్చాం? ఇంతమందిని ఒప్పుకున్నోణ్ణి ఒక్కణ్ణి దాచుకుంటానా? చెయ్యని చావుకి పందినిస్తే ఆ చావు మా పిల్లల నెత్తినెక్కుతుంది. ఆ రేవు కాపలా ఎప్పుడూ మీ కుర్రాళ్ళదే. మమ్మల్ని అడుగుతావేం? మీ వాళ్ళని అడుగు."

అందరూ సర్దుకుని కూర్చున్నాక మాంసం కోసి ఆకుల్లో పంచారు. ఎవరో బ్లేజ్ ముందు కూడా ఒక ఆకు పెట్టారు. వాడు దాన్ని పక్కకు జరిపాడు. "వాడు శనివారం చర్చివాడు లెండి" అని ఎవరో అంటే నవ్వులు. కొవీరా ముసలాయన నవ్వలేదు. వాడి వంకే చూస్తూ, "మాలోనూ ఒకడున్నాడు అమ్మా, పంది తిననోడు" అన్నాడు నెమ్మదిగా. నవ్వులు ఆగిపోయాయి.

చంపి పంది ఇవ్వనివాడు పంది తినకూడదు. మనలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు ఆ సంగతి. నాకు తెలియదా నీలా? ఇన్నేళ్ళు వాడి వాటా నేనే తిన్నాను. నవ్వుకుంటూ తిన్నాను.

బ్లేజ్ లేచి తోటలోకి వెళ్ళిపోయాడు. నేనింకా వాణ్ణి ఏమీ అడగలేదు. ఎదురుపడితే పక్క దారి పడుతున్నాను.

లుడ్వీనా


హోనియారా
మే 2004

అక్కా,

పిచ్చి ఆలోచనలు పెట్టుకోకు. యుద్ధంలో ఎవరెవరినో కాల్చి ఉంటాడు, ఆ పేర్లు కూడా తెలిసి ఉండవు, వాళ్ళ కోసం మానేసి ఉంటాడు. వాడు మేనల్లుడక్కా! మనలో మేనమామ నేల దున్నుకునేది మేనల్లుడు, పేరు పెట్టుకునేది మేనల్లుడు, మేనమామ విందులో మొదటి ముక్క మేనల్లుడిది. తండ్రి మీద చెయ్యి ఎత్తినవాళ్ళ గురించి విన్నాను గానీ మేనమామ మీద చెయ్యి ఎత్తినవాడి గురించి ఎప్పుడైనా విన్నామా? ఆ ముసలాడు మన ఇంట్లో చిచ్చు పెట్టి పోయాడు.

అడుగు. వాడు కాదంటాడు. కాదన్నాడని వెంటనే రాయి.

నీలా


కొరోపా
జూన్ 2004

నీలా,

అడిగాను. కింద మంట పెట్టి కోకో గింజలు ఆరబోస్తున్నాడు. చేతిలో గింజలు తిరగేసే పలక వదలకుండానే చెప్పాడు. వాడు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, నా మాట ఒక్కటీ కలపకుండా.

"రేవు కాపలాలో ముగ్గురం ఉన్నామమ్మా. నేను, సిప్రియాన్ తమ్ముడు, ఇంకో కుర్రాడు. వాళ్ళిద్దరూ తర్వాత యుద్ధంలో పోయారు. తెల్లారేసరికి మావయ్య తీరం వైపు నుంచి వస్తున్నాడు, భుజాన సంచి. ఎక్కడికెళ్ళావు మావయ్యా అన్నాను. కిందికి అన్నాడు. ఎందుకన్నాను. అడగకూడదుగా, అయినా అడిగాను. మళ్ళీ అడిగాను, కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. నా వంక చూశాడు, సిప్రియాన్ తమ్ముడి వంక చూశాడు. చెప్పలేదు. అంతకు ముందే మేం దాక్కున్న చోటు సైనికులకి దొరికింది, ఎవడో చెప్పాడని అందరం ఉడికిపోతున్నాం. మా అన్నకో కట్టుబాటు, మీ మామకో కట్టుబాటా అన్నాడు వాడు నా చెవి పక్కన. మావయ్య సంచి తీసి నేల మీద పెట్టాడు. మీ అమ్మకివ్వు అన్నాడు. నేను కాల్చాను. సంచి తర్వాత విప్పాను."

సంచిలో మలేరియా మాత్రలు ఉన్నాయి నీలా.

ఫాదర్ పంపాడని నాకు చెప్పింది బ్లేజే. తమ్ముడు పోయాడని గుండెలు బాదుకుంటూ, ఆ చేతులతోనే ఆ మాత్రలు నూరి అల్బీనా నోట్లో పోశాను. ఫాదర్ ఎందుకమ్మా అని నిజంగానే అడిగాడు. ఏటా నిజంగానే అడిగాడు.

తద్దేయు ఎందుకు దిగాడో నాకు తెలుసు. అంతకు ముందు సాయంత్రం, పిల్ల దక్కేట్టు లేదు తమ్ముడూ అని వాడి ముందు ఏడ్చాను. అప్పుడే లేచి వెళ్ళాడు. రేవులో ఎందుకు నోరు విప్పలేదో కూడా తెలుసు. నా మేనకోడలి కోసం అని ఎలా అంటాడు? పెళ్ళాం కోసం అన్నవాణ్ణి తను వదిలాడా? అలా అన్నవాడి తమ్ముడే ఎదురుగా తుపాకీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. సిప్రియాన్ నుంచి వినని కారణం తను చెప్పుకోలేకపోయాడు.

పంది ఎందుకు ఇవ్వలేదురా అని అడిగాను. "ఎవరికివ్వనమ్మా?" అన్నాడు.

నాకు అరుపు రాలేదు, ఏడుపు రాలేదు. గింజలు మాడిపోతాయి, తిరగెయ్యి అన్నాను. ఆ మాట ఎందుకు అన్నానో ఇప్పటికీ తెలియదు.

లుడ్వీనా


హోనియారా
జూన్ 2004

లుడ్వీనాకు,

వాడికి ఇంకా నీ చేత్తోనే తిండి పెడుతున్నావా?

పెద్దలకు చెప్పు, రాయికి మాటలు వేరే ఎవరినైనా రాసుకోమను. నాకు ఇక ఉత్తరాలు రాయకు.

థియోనిలా


కొరోపా
జులై 2004

నీలా,

రాయొద్దన్నావు, కింద నీలా అని కాకుండా పూర్తి పేరు పెట్టావు. నేను నీకంటే పెద్దదాన్ని, రాస్తాను.

పెడుతున్నాను. వాడు నా కొడుకు. పెట్టిన ప్రతిసారీ నా తమ్ముడు ఎదురుగా కూర్చున్నట్టే ఉంటుంది, అయినా పెడుతున్నాను. నువ్వైతే ఏం చేసేదానివో చెప్పు.

పెద్దలందరి ముందు బ్లేజ్ తనే లేచి చెప్పాడు. ఒకాయన, "మరి పంది?" అన్నాడు. అక్కడ చిక్కుపడింది. చంపినవాడి తల్లి వంశం ఇవ్వాలి, చచ్చినవాడి తల్లి వంశం పుచ్చుకోవాలి. ఇద్దరిదీ ఒకే వంశం. కొడుకు తరఫున ఇవ్వాల్సింది నేను, తమ్ముడి తరఫున పుచ్చుకోవాల్సింది నేను. ఎడమచేత్తో తాడు పట్టి కుడిచేత్తో అందుకోనా? మన పెరట్లో పందిని మన పెరట్లోనే కట్టేస్తే అది ఇవ్వడం అవుతుందా? వాడు ఎవరికివ్వనని ఇన్నేళ్ళు నోరు మూసుకున్నది ఇందుకే. పెద్దలు తలలు పట్టుకున్నారు. అయితే ఎముకలు అక్కడే ఉండనివ్వండి అని ఒకరిద్దరు లేచిపోబోయారు.

అప్పుడు అల్బీనా బిడ్డను చంకనేసుకుని మధ్యలోకి వచ్చింది.

"ఆ మాత్రలు మింగింది నేను. మావయ్య చావుతో బతికింది నేను. మా అన్న తరఫున పంది నేనిస్తా. పుచ్చుకోడానికి పిన్ని ఉంది. ఆమె మన పొయ్యి దగ్గర లేదు, సముద్రం అవతల వేరే పొయ్యి పెట్టుకుంది. పంది సముద్రం దాటి వెళ్తే అది ఇచ్చినట్టే కదా?" అంది.

పెద్దలు చాలాసేపు వాదించుకుని సరేనన్నారు. పందిని పడవెక్కించడం కుదరదు గనుక నువ్వే వచ్చి పడవ దిగి, రేవు అవతల నిలబడి, అటు నుంచి తాడు అందుకోవాలి. తర్వాత బ్లేజ్‌తో వక్క నమలాలి. అప్పుడే తద్దేయు ఇంటికి వస్తాడు. మన వంశంలో వేరే పొయ్యి ఉన్న ఆడమనిషివి నువ్వొక్కదానివే. నువ్వు రాకపోతే వాడు అక్కడే ఉంటాడు, మన తర్వాత ఎవరూ తేలేరు.

రమ్మని బతిమాలను. నీ గుండె నాకు తెలుసు, నాదీ అలాగే ఉంది. తాడు మాత్రం అల్బీనా పేనుతోంది.

లుడ్వీనా


హోనియారా
ఆగస్టు 2004

అక్కా,

పాత ఉత్తరంలో నిన్ను పేరు పెట్టి పిలిచాను. మనసులో పెట్టుకోకు.

ఇన్నాళ్ళూ నిద్ర లేదు. వాణ్ణి తిడతాను, ఆ మరుక్షణం అల్బీనా గుర్తొస్తుంది. అన్నయ్యను తిడతాను, ఆ సంచి గుర్తొస్తుంది. ఎవరినీ పూర్తిగా తిట్టలేక నా పిల్లల్ని కసురుకుంటున్నాను. నా పెద్దవాడు "మేమేం చేశామమ్మా?" అన్నాడు.

వస్తున్నాను. వచ్చే పడవలో. పడవవాడు ఈసారి పొగాకు వద్దన్నాడు. వాడికి కూడా సంగతి తెలిసినట్టుంది.

రాయి మీద ఇలా చెక్కించు: "సిప్రియాన్, తద్దేయు. ఇద్దరూ ఏటి రేవు నుంచి తీరానికి దిగారు. ఒకరు ఉప్పు కోసం, ఒకరు మందు కోసం. ఇద్దరినీ చంపింది మేమే." పెద్దలు ఒప్పుకోకపోతే దళానికి ఆ రాయి వద్దని చెప్పు. సిప్రియాన్ పేరు ముందు ఉండాలి. ఒటీలియాను ముందే అడుగు, ఆమె ఒప్పుకుంటేనే. ఆమె కోసం ఇక్కడి నుంచి ఉప్పు తెద్దామనుకున్నాను. తేవచ్చో తేకూడదో తెలియక సంచిలో పెట్టి తీసి, మళ్ళీ పెట్టాను. వచ్చాక నువ్వే చెప్పు.

రేవు అవతల నిలబడతాను. అల్బీనా చేతి నుంచి తాడు అందుకుంటాను. బ్లేజ్‌తో వక్క నమలుతాను. వాడి ముఖం చూస్తానని మాత్రం మాటివ్వను. ఒటీలియా నీ ముఖం చూసిందా?

నేను వచ్చేదాకా పందిని కోయకండి. మేనమామ విందులో మొదటి ముక్క మేనల్లుడిది. అది నా చేత్తో నేనే వాడి నోట్లో పెడతాను. వాడు మింగేదాకా అక్కడే నిలబడతాను. ఆ తర్వాత ఏం చేస్తానో నాకే తెలియదు, అక్కా. నువ్వు నా పక్కనే ఉండు.

నీ చెల్లెలు
నీలా